నడిమి గట్టు కుంగిన ఏడు

గుండ్లకమ్మ ఒడ్డున చవిటిపాడు ఉంది. ఏటి దగ్గర్నుంచి ఊరివైపు నడిస్తే నేల మెట్లుమెట్లుగా లేస్తుంది. మొదటి మెట్టు ఇసుక మేట, వరదొస్తే మునిగిపోతుంది. ఆ పైన నడిమి గట్టు. అన్నిటికన్నా ఎత్తున పై గట్టు, దాని మీద ఊరు, మిరప తోటలు, పత్తి చేలు. నడిమి గట్టు మీద మిరప బతకదు. మొక్క నాటిన కొద్ది రోజులకే ఆకుల కొసలు కాలినట్టయి రాలిపోతాయి. ఎవరికీ పనికిరాని నేల కాబట్టి అక్కడ క్రైస్తవుల పల్లె వెలిసింది.

హుస్సేన్ సాహెబ్‌ది తోళ్ల వ్యాపారం. పొదిలి నుంచి పర్చూరు దాకా సంతల్లో పచ్చితోళ్లు కొని, ఉప్పు పట్టించి, గుంటూరు పంపేవాడు. ఉప్పు చినగంజాం నుంచి బండ్ల మీద రావాలి. వానాకాలంలో బండ్లు రేగడిలో దిగబడితే తోళ్లు కుళ్లిపోయేవి. ఒక ఏడాది ఆయన నడిమి గట్టు మీద, పల్లెకి పక్కనే, కాస్త నేల కొని బావి తవ్వించాడు. తవ్వేకొద్దీ నీళ్లు ఉప్పన. ఇంకా లోతుకి పోతే బూడిదరంగు మట్టి మధ్యలో తెల్లటి ఉప్పు పొరే తగిలింది. ఊళ్లో వాళ్లు నవ్వారు. ఆయన మాత్రం ఆ గడ్డ ఒకటి నాలిక మీద పెట్టుకుని, "నాకు కావాల్సింది ఇదేగా!" అన్నాడు.

అట్లా మొదలయ్యాయి ఉప్పు మడులు. ఎగువన ఇంకో బావి తవ్వి, ఏటి మడుగులోంచి మోటతో నీళ్లు తోడి అందులో పోసేవాళ్లు. ఆ నీళ్లు నేల లోపల ఉప్పుని కరిగించుకుంటూ దిగువ బావిలోకి చేరేవి. దాని దగ్గర ఆయిల్ ఇంజను పెట్టి చిక్కటి ఉప్పునీళ్లు తోడి మడుల్లోకి వదిలేవాళ్లు. ఎండ మిగతా పని చేసేది. ఇంజను బాధ్యత సాహెబ్ తమ్ముడు హయాత్‌ది. బావిలో పైపులు దించడం, పైపు అడుగునుండే ఫుట్ వాల్వు శుభ్రం చెయ్యడం పల్లెలోని జక్రయ్య పని. హయాతూ జక్రయ్యా ఒక ఈడువాళ్లు. పొద్దస్తమానం ఒకణ్ణొకడు తిట్టుకుంటూ, ఒకే చుట్ట చెరో దమ్ము పీల్చుకుంటూ ఉండేవాళ్లు. పల్లెలో ఆడా మగా అందరికీ మడుల్లో పని దొరికింది. మిరప కోతలకి దూరాభారాలు పోవడం తప్పింది.

పంతొమ్మిది వందల అరవై ఒకటి వేసవిలో, జక్రయ్య ఇంటి తలుపు మూసుకోవడం మానేసింది.

చెక్క ఉబ్బిందేమో అనుకుని జక్రయ్య బాడిసెతో అడుగున చెక్కాడు. నాలుగు రోజులు బాగానే మూసుకుంది. మళ్లీ పట్టేసింది. అతని పెళ్లాం రెబ్కా గడప పక్కన కూర్చుని చూసింది. తలుపు బాగానే ఉంది. ద్వారబంధమే ఓ పక్కకి ఒరిగింది. గోడకీ పొయ్యిగద్దెకీ మధ్య వేలు పట్టేంత బీట.

"వేసవి గదా, రేగడి బీటలిస్తది. కొత్తేముంది?" అన్నాడు జక్రయ్య.

రెబ్కాకి రేగడి బీటలు తెలుసు. అవి చేలో ఎటుబడితే అటు పోతాయి. ఇది అట్లా లేదు. ఇంట్లోంచి బయటికొచ్చి, పక్కింటి గోడ కిందుగా, మడుల వైపు వంపు తిరిగి పోతోంది.

అదే వారంలో ఆమె తమ్ముడు జోసఫ్ సెలవులకి వచ్చాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది రెబ్కానే. మిషన్ బోర్డింగులో చదివి, గుంటూరులో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పేదాకా వచ్చాడు. బీటని చూసి అతను అన్నం ముందు నుంచి లేచాడు. చేతులు కడుక్కుని, దాని వెంబడే నడుచుకుంటూ పోయాడు. రెబ్కా వెనకే వెళ్లింది.

"అక్కా, ఏరు ఎటు పోతంది?"

"ఇదేం ప్రశ్నరా? కిందికి."

"నేల ఏటివైపు వాలాలా, ఊరివైపు వాలాలా?"

"ఏటివైపే."

"మరి చూడు." జోసఫ్ మడుల మధ్య తొణికే నీళ్లు చూపించాడు. నీళ్లన్నీ ఏటికి ఎదురు వైపున, పై గట్టు మొదట్లో చేరి నిలబడ్డాయి. "ఏరు ఒకప్పుడు పైన పారేది. కోసుకుంటా కోసుకుంటా కిందికి దిగింది. దిగినప్పుడల్లా ఒక మెట్టు వదిలిపెట్టింది. ఈ నడిమి గట్టు అట్టాంటి మెట్టే. కానీ దీని కింద ఉప్పుంది. ఊటనీళ్లు వేల ఏళ్లుగా దాన్ని కొంచెం కొంచెం కరిగిస్తన్నయ్. కరిగినంత మేరా పైనేల కుంగుద్ది. అందుకే ఇది ఎదురు వాలింది. అది మనుషుల కంటికి కనపడేంత వేగంగా జరిగేది కాదు."

"ఇప్పుడో?"

"ఇప్పుడు మోట పెట్టి మంచినీళ్లు పోస్తన్నారు. ఇంజను పెట్టి ఉప్పు లాగుతున్నారు. లోపల ఎంత గుల్ల అయిందో ఎవడికీ తెలవదక్కా. అది పల్లె కిందిదాకా వచ్చింది."

రెబ్కా కాళ్ల కింద నేలని చూసుకుంది. ఎప్పటిలాగే గట్టిగా ఉంది. తెల్లగా ఉప్పు పూసి ఎండకి మెరుస్తోంది.

సాయంత్రం జోసఫ్ ఇదే మాట జక్రయ్యతో అన్నాడు. జక్రయ్య మంచం మీంచి దిగ్గున లేచాడు.

"ఏందయ్యా నువ్వు చెప్పొచ్చేది? పల్లె మొత్తం ఇల్లూ పనీ వదిలేసి యాడికి పోవాలి? నీకు నెలనెలా జీతం వస్తది, చెప్తావు!"

"బావా, నేను పని మానమనట్లా. ముందు ఇక్కణ్ణించి కదలండి. ఇంజను ఆపమని సాయిబుగారికి..."

"ఆ మాట ఆయన చెవిన పడితే నా మొహం ఎట్టా చూపించేది? ఆయన అన్నం తింటా ఆయన బావి మీద రాళ్లెయ్యమంటావా?"

జక్రయ్య తల్లి కొండమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "నా పెళ్లప్పుడు కూడా ఈ గోడ బీటిచ్చింది," అంది. ఆమె మాటకి జక్రయ్య మరింత రెచ్చిపోయాడు.

మర్నాడు పొద్దున్నే జోసఫ్ బంకమట్టి పిసికి, బీట మీద అక్కడక్కడా అతుకులు వేశాడు. "ఇవి ఎండాక నెర్రెలిస్తే ఫర్వాలేదక్కా, మట్టన్నాక నెర్రెలిస్తది. కానీ ఒక సగం పైకీ ఒక సగం కిందికీ పోయిందంటే నేల దిగుతున్నట్టు. అప్పుడు ఎవరి మాటా వినబాక. పిల్లల్నీ అత్తనీ తీసుకుని పై గట్టుకి ఎక్కేయ్. నేను మా ప్రొఫెసరుగారిని పిలుచుకొస్తా. నా మాట వినకపోయినా ఆయన చెప్తే వింటారు." అని బస్సెక్కి గుంటూరు పోయాడు.

ఆ తర్వాతి రోజులు రెబ్కాకి నరకంగా గడిచాయి. మడుల్లో ఉప్పు లాగుతున్నా ధ్యాస ఇంటి మీదే. ఎవరూ చూడనప్పుడు అతుకుల దగ్గరికి పోయి తడిమేది. పక్కింటివాళ్లు ఏంటమ్మా వెతుకుతున్నావంటే చీమలంటూ తప్పించుకునేది. భర్తతో మాట్లాడబోతే అతను కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఇంజను చప్పుడు డుగ్‌డుగ్‌డుగ్ అని పొద్దంతా గుండెల్లో కొట్టేది.

ఒకరోజు చద్దన్నం వేళకి చూసేసరికి గడప ముందటి అతుకు రెండుగా విడిపోయి ఉంది. ఇంటివైపు సగం పైన, మడులవైపు సగం బెత్తెడు కింద. రెబ్కా పరిగెత్తి పక్కింటి దగ్గర చూసింది. అక్కడా అంతే.

పిల్లలిద్దరినీ చెరో చేత్తో పట్టుకుంది. పై గట్టు మీద మిరప కళ్లంలో తాటాకుల పాక ఉంటే వాళ్లని అందులో కూర్చోబెట్టి, కదిలితే చంపుతానని బెదిరించి, మడుల దగ్గరికి వచ్చింది. హుస్సేన్ సాహెబ్ గొడుగు వేసుకుని ఉప్పు కుప్పల పక్కన నిలబడ్డాడు. ఇంజను దగ్గర హయాత్ నూనె పోస్తున్నాడు. జక్రయ్య బెల్టు చూస్తున్నాడు.

"సాయిబుగారా, ఇంజను ఆపించండి."

జక్రయ్య తలెత్తాడు. "ఏమే! పిచ్చిగాని పట్టిందా నీకు?"

"పడితే పట్టింది. మీరొచ్చి చూడండయ్యా. మా ఇంటి ముందు నేల దిగింది."

హుస్సేన్ సాహెబ్ మొహంలో కోపం కన్నా నొప్పి ఎక్కువగా కనిపించింది. "మీ తమ్ముడన్న మాటలు నా దాకా వచ్చాయి రెబ్కమ్మా. నేను మీ పల్లెకి చెడు చేసేవాణ్ణా? నీకట్టా అనిపించిందా?"

"మీరు మంచోరు గాబట్టే మీ దగ్గరికొచ్చా. చెడ్డోరైతే పిల్లల్ని తీసుకుని నా దారిన నేను పోయేదాన్ని."

ఆయన గొడుగు ముడిచి రెబ్కా ఇంటివైపు నడిచాడు. గడప ముందు కూర్చుని, విడిపోయిన అతుకు అంచుని వేలితో తడిమాడు. పక్కింటికి వెళ్లాడు. అక్కణ్ణుంచి ఇంకో ఇంటికి. తిరిగొచ్చేటప్పుడు ఆయన అడుగులు నెమ్మదిగా పడుతున్నాయి. కాలు మోపే ముందు నేలని చూసుకుంటున్నాడు.

"హయాత్! ఇంజను ఆపు. మోట కూడా ఆపమను."

"అన్నా, మడులు నిండకుండానే..."

"ఆపమన్నానా?"

ఇంజను ఆగింది. మూడు వేసవులుగా పగటిపూట ఎడతెగని చప్పుడు ఆగేసరికి మనుషులు పారలు దించి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

"అందరూ ఉన్నపాటున పై గట్టుకి ఎక్కండి. సామాన్లు తర్వాత చూసుకోవచ్చు. రెబ్కమ్మా, ఆ వరస నువ్వు చెప్పు, ఈ వరస నేను చెప్తా." సాహెబ్ పల్లెలోకి మళ్లుతూ తమ్ముడికి కేకేశాడు. "మీరిద్దరూ కూడా రండి. బావి జోలికి పోవద్దు!"

హయాత్ వస్తున్నా అన్నాడు. కానీ బావిలో పైపుంది, మద్రాసు నుంచి తెప్పించిన కొత్త ఫుట్ వాల్వుంది. అతనికి ప్రాణం వాటి మీదే. జక్రయ్యకి ఇంకో కారణం ఉంది. ఊరందరి ముందూ పెళ్లాం మాట నెగ్గింది. బావిలోకి దిగి, ఏమీ కాలేదని చూపించి, పైకి రావాలి. "ఎంతసేపు పడుద్దిరా, ఒక్క దిగు దిగి లాగేస్తా," అన్నాడు. నడుముకి మోకు కట్టుకుని దిగాడు.

పల్లెలో పని అంత తేలిగ్గా కాలేదు. పొయ్యి మీద కూడు వదిలి రానని ఒకామె, మేకని విప్పుకొస్తానని ఒకామె. కొండమ్మ అసలు మంచం దిగనంది. "నా మొగుడు పోయిన ఇల్లిది. నేనూ ఇక్కడే పోతా." రెబ్కా వంగి అత్తని భుజానికెత్తుకుంది. ముసలామె వీపు మీద గుద్దుతూనే ఉంది. పై గట్టు ఎక్కి దించుతుండగా ఆ శబ్దం వినిపించింది. ఉరుము కాదు. బండి నిండా పత్తి బోరేలు ఒక్కసారి నేల మీద పడినట్టు, మెత్తగా, లోపలెక్కడో.

తిరిగి చూస్తే ఎగువ బావిలోంచి గాలి ఈల వేస్తూ దుమ్ము లేపుతోంది. మడుల్లో నీళ్లు ఒక మూల గిర్రున తిరిగి నేలలోకి దిగిపోతున్నాయి. దిగువ బావి దగ్గర హయాత్ పడుకుని లోపలికి అరుస్తున్నాడు.

ఇంజను దగ్గర భర్త లేడని రెబ్కాకి అప్పుడర్థమైంది.

ఆమె ఎట్లా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. హుస్సేన్ సాహెబ్ అప్పటికే వచ్చి మోకు పట్టుకున్నాడు. బావి గోడ రాళ్లు కొన్ని జారి జక్రయ్య కాలి మీద పడ్డాయి. లాగితే అరుస్తున్నాడు, పైకి రావడం లేదు. బావి చుట్టూ నేల సన్నగా నెర్రెలిస్తోంది.

"ఇట్టా కాదు," అంటూ హయాత్ గునపం తీసుకుని బావి గోడకున్న రాతి మెట్ల మీంచి దిగిపోయాడు.

"హయాత్! రారా! పైకి రా!" అని సాహెబ్ కేకేశాడు. గునపం రాతికి తగిలే చప్పుడు, హయాత్ తిట్లు. "కదలరా వెధవా! నీ యమ్మ, ఏం తింటన్నావురా ఇంత బరువున్నావు! కాలు లాగు. లాగు!" జక్రయ్య ఒక్క పెడబొబ్బ పెట్టాడు. కింది నుంచి హయాత్ గొంతు, "అన్నా, వదిలింది! ముందు వీణ్ణి లాగండి. నేను మెట్ల మీంచి వస్తా!"

సాహెబ్, రెబ్కా, మోట తోలే మనుషులు ఇద్దరు కలిసి లాగారు. జక్రయ్య భుజాలు అంచు మీదికి వచ్చాయి. రెబ్కా అతని చొక్కా పట్టి ఈడ్చింది. కాలు మోకాలి కింద కాలులా లేదు. సాహెబ్ మోకు విప్పి మళ్లీ బావిలోకి విసిరాడు. "పట్టుకో! హయాత్, పట్టుకో!"

మోకు బిగిసింది. ఒక్క క్షణం బరువు తెలిసింది. ఆ వెంటనే బావి నోరు వెడల్పయింది. మెట్లున్న గోడ మొత్తం లోపలికి కూర్చుంది. ఇంజను దిమ్మతో సహా ఒరిగి, దొర్లి, మాయమైంది. మోకు తేలికైపోయింది. సాహెబ్ దాన్ని ఇంకా లాగుతూనే ఉన్నాడు. మోట మనుషులు ఆయన నడుం పట్టుకుని వెనక్కి ఈడ్చకపోతే ఆయనా పోయేవాడే.

మధ్యాహ్నానికి నడిమి గట్టు నిలువెత్తు మనిషి లోతున దిగిపోయింది. పల్లెలో సగం ఇళ్లు పడిపోయాయి. మిగతావి తాగినవాళ్లలా ఒరిగి నిలబడ్డాయి. గుంటలోకి ఎక్కణ్ణుంచో బూడిదరంగు నీళ్లు ఊరాయి. ఇంకెవరికీ ఏమీ కాలేదు. హయాత్ శవం దొరకలేదు. శవం లేకుండానే నమాజు చదివారు. పల్లె జనం మసీదు బయట వేపచెట్టు కింద తలలు వంచుకుని నిలబడ్డారు.

మర్నాడు జోసఫ్ ప్రొఫెసరుగారితో వచ్చాడు. ఆయన అంచుకి దూరంగా నిలబడి చాలాసేపు చూశాడు. ఇంకా దిగుతుంది, ఎవరూ దగ్గరికి పోవద్దు అని మాత్రం చెప్పాడు. కొందరు జోసఫ్‌ని చూసి మొహం తిప్పుకున్నారు. అతను నోటితో అన్నాడు కాబట్టే అయిందని ఒకామె శాపనార్థాలు పెట్టింది. ఒక్కరోజు ముందు రాలేకపోయానే అని అతను అక్క దగ్గర ఏడ్చాడు. జక్రయ్యని గుంటూరు ఆస్పత్రికి తీసుకుపోయింది అతనే. మోకాలి కింద కాలు తీసేశారు.

భర్తని అక్కడ వదిలి ఊరికి వచ్చిన రోజున రెబ్కా సాహెబ్ ఇంటికి వెళ్లింది. వసారాలో అడుగు పెట్టలేక గుమ్మం బయటే నిలబడిపోయింది. హయాత్ భార్య ఖైరున్నీసా లోపల్నుంచి చూసింది.

"లోపలికి రా. ఎందుకట్టా నిలబడ్డావు?"

రెబ్కా వచ్చి నేల మీద కూర్చుంది. తెచ్చుకున్న మాటలన్నీ పోయాయి. "మా ఆయన కోసం..." అంది, ఆపైన రాలేదు.

"ఎట్టా ఉన్నాడు?"

"కాలు తీసేశారమ్మా. బతికాడు."

ఖైరున్నీసా తల ఊపింది. పైట అంచు మెలిపెట్టింది. "వచ్చినోళ్లంతా మా ఆయన మంచోడని చెప్పి పోతన్నారు. ఆ మాట నాకొకళ్లు చెప్పాలా? ఆఖర్న ఏమన్నాడో ఒక్కళ్లూ చెప్పరు. బావగారిని అడగలేను. నువ్వక్కడే ఉన్నావుగా. ఏమన్నాడు?"

రెబ్కా తడబడింది. "మీకు చెప్పే మాటలు కావమ్మా."

"చెప్పు."

"మా ఆయన్ని తిట్టాడు. కదలరా వెధవా అన్నాడు. ఏం తింటన్నావురా ఇంత బరువున్నావన్నాడు."

ఖైరున్నీసా నోటికి పైట అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోందో ఏడుస్తోందో రెబ్కాకి తెలియలేదు. "ఆయనే," అంది చివరికి. "అది ఆయనే." చెయ్యి చాపి రెబ్కా మణికట్టు పట్టుకుంది. ఆ సాయంత్రం దాకా వదల్లేదు.

హుస్సేన్ సాహెబ్ పై గట్టు మీద తన మిరపచేను చివర పల్లెకి స్థలం ఇచ్చాడు. ఉప్పు పని పోయింది కాబట్టి కొన్ని కుటుంబాలు పర్చూరు వైపు పొగాకు పనులకి వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లు మళ్లీ మిరప కోతలకి ఊరూరా తిరిగారు. వానలకి గుండ్లకమ్మ పొంగి, కుంగిన నేలలోకి తిన్నగా వచ్చింది. ఇసుకా ఒండ్రూ పరుచుకుని పోయింది. తర్వాతి ఏడు ఇంకొంచెం. నడిమి గట్టు ఉండాల్సిన చోట ఏటికి కొత్త ఒడ్డు ఏర్పడింది.

జక్రయ్య కర్ర సాయంతో నడవడం నేర్చుకున్నాడు. కానీ సాహెబ్ తోళ్ల మండీ ఉన్న వీధిలోకి వెళ్లేవాడు కాదు. చుట్టూ తిరిగి పోయేవాడు. సాహెబ్ కూడా కొత్త పల్లెలోకి రాలేదు. ఒక పొద్దున రెబ్కా వాకిలి ఊడుస్తుంటే ఆయనే వచ్చి నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

జక్రయ్య లేవబోయి కర్ర అందక తూలాడు. సాహెబ్ పట్టుకుని కూర్చోబెట్టి, పక్కనే అరుగు మీద కూర్చున్నాడు.

"వద్దన్నా దిగాను సాయిబుగారా," అన్నాడు జక్రయ్య. "మీ మాట వినుంటే..."

"నేను మీ రెబ్కమ్మ తమ్ముడి మాట వినుంటే?" అన్నాడు ఆయన. "నీ కాలు చూస్తే వాడు గుర్తొస్తాడనే ఇన్నాళ్లూ ఇటు రాలేదురా. రాకపోయినా గుర్తొస్తూనే ఉన్నాడు."

రెబ్కా చీపురు పక్కన పెట్టి చెంబుతో మజ్జిగ తెచ్చింది. సాహెబ్ తాగి, మూతి తుడుచుకున్నాడు.

"మోటలకి తోలు బానలు కుట్టే మనిషి కావాలి. కూర్చుని చేసే పని. నీకు చేతనవుతుందా?"

"నేర్చుకుంటా."

"అయితే పద," అన్నాడు సాహెబ్, కర్ర అందిస్తూ.